యంత్రాన్ని చూసిన తీర్పు, మాటను చూసిన తీర్పు

ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అని మన దగ్గరొక సామెత. అమెరికా కోర్టుల్లోనూ ఇలాంటిదే ఒకటి తిరుగుతుంటుంది. వాళ్లది ఎలుక కాదు, పంది. పందిని కాల్చుకు తినడానికి ఇల్లంతా తగలబెట్టడం. పిల్లలు చెడిపోతారన్న భయంతో పెద్దలకు కూడా పుస్తకం అమ్మకూడదన్న చట్టం మీద 1957లో జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్ అన్న మాట అది. సరిగ్గా 40 ఏళ్లకు జస్టిస్ జాన్ పాల్ స్టీవెన్స్ దాన్ని మళ్లీ బయటికి తీశారు. ఈసారి నిప్పు అంటుకోబోతున్న ఇల్లు ఇంటర్నెట్.

ఆ తీర్పు పేరు రెనో వర్సెస్ అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్. 1997 జూన్ 26న వచ్చింది. ఇంటర్నెట్‌లో మాటకు రాజ్యాంగం ఎంత రక్షణ ఇస్తుందో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన తొలి కేసు ఇదే. మన దగ్గర అంతటి పేరున్నది 2015 మార్చి 24 నాటి శ్రేయా సింఘాల్ వర్సెస్ భారత ప్రభుత్వం. కృష్ణా జిల్లా నుంచి వెళ్లిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారిమన్ కూర్చున్న ధర్మాసనం ఇచ్చింది. తీర్పు రాసింది నారిమన్. అందులో రెనో ప్రస్తావన ఉంది. రెండూ ఒకే రకం చట్టాన్ని, అంటే అర్థం తేలని మాటలతో మనిషిని జైలుకు పంపగల చట్టాన్ని కొట్టేశాయి. అందుకే మన న్యాయవాదులు ఈ రెంటినీ అన్నదమ్ముల్లా చూస్తారు.

పోలికలున్న మాట నిజమే. కానీ పక్కపక్కన పెట్టి చదివితే నడకలు వేరని తెలుస్తుంది. ఆ తేడా తెలిస్తే గాని, అమెరికా తీర్పు ఇవాళ ఎందుకు చిక్కిపోయిందో, మన తీర్పు ఇన్నేళ్లయినా కొన్ని పోలీస్ స్టేషన్లకు ఎందుకు చేరలేదో అర్థం కాదు.

తలుపు ఎప్పుడు తట్టారు?

1996 ఫిబ్రవరి 8న అధ్యక్షుడు క్లింటన్ కమ్యూనికేషన్స్ డీసెన్సీ చట్టం మీద సంతకం పెట్టారు. 18 ఏళ్ల లోపు వాళ్లకు ఇంటర్నెట్‌లో 'అసభ్యమైనది' పంపినా, వాళ్ల కంటబడేలా 'బొత్తిగా ఏవగింపు కలిగించేది' పెట్టినా రెండేళ్ల దాకా జైలు. ఏది అసభ్యం, ఏది ఏవగింపు అన్నది చట్టం సరిగ్గా చెప్పలేదు. సంతకం ఆరకముందే, అదే రోజున, ఫిలడెల్ఫియా ఫెడరల్ కోర్టులో దావా పడింది. వారానికే 'అసభ్యత' భాగానికి తాత్కాలిక అడ్డుకట్ట వచ్చింది. జూన్‌లో ముగ్గురు న్యాయమూర్తులు రెండు భాగాల మీదా ప్రాథమిక ఇంజంక్షన్ ఇచ్చారు. మరుసటేడు సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. అంటే ఆ సెక్షన్లు పోలీసు చేతిలోకి వెళ్లి అరగనే లేదు.

మన సంగతి వేరు. ఐటీ చట్టానికి 66ఏ సెక్షన్ చేర్చిన సవరణ ముంబయి దాడులు జరిగిన నెలలోపే, 2008 డిసెంబరులో, పార్లమెంటులో పెద్దగా చర్చే లేకుండా గట్టెక్కింది. 2009 అక్టోబరు 27 నుంచి అమల్లోకి వచ్చింది. 'తీవ్రంగా అభ్యంతరకరమైన', 'బెదిరింపు స్వభావం గల' సమాచారం పంపితే మూడేళ్ల దాకా శిక్ష. అబద్ధమని తెలిసి చికాకు, అసౌకర్యం, అవమానం, ద్వేషం కలిగించడానికి పదేపదే పంపినా అంతే. చికాకు కూడా నేరమే! ఇంట్లో పొద్దున్నే వచ్చే వాట్సాప్ శుభోదయాలన్నీ ఈ లెక్కన కేసులే.

2012 నవంబరులో బాల్ ఠాక్రే మరణించాక ముంబయి బంద్ మీద ఫేస్‌బుక్‌లో రెండు ముక్కలు రాసినందుకు మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక అమ్మాయిని అరెస్టు చేశారు. ఆ పోస్టుకు లైక్ కొట్టినందుకు ఇంకో అమ్మాయినీ తీసుకెళ్లారు. అప్పుడు కదిలింది దేశం. శ్రేయా సింఘాల్ అనే యువతి పిటిషన్ వేసింది ఆ నెలలోనే. తర్వాతి ఏడాది మే నెలలో అప్పటి ప్రకాశం జిల్లా చీరాల పోలీసులు ఫేస్‌బుక్ రాతల మీద ఒక పౌరహక్కుల నాయకురాలిని అరెస్టు చేశారు. ఆ సందర్భంలోనే సుప్రీంకోర్టు, పైఅధికారి అనుమతి లేకుండా ఇలాంటి పోస్టుల మీద అరెస్టు చేయొద్దని చెప్పింది. సెక్షన్‌ను మాత్రం ఆపలేదు.

ఇది చిన్న తేడాగా కనిపిస్తుంది. కాదు. అమెరికాలో చట్టం కాగితం మీద ఉండగానే కోర్టు పట్టుకుంది. మన దగ్గర అయిదేళ్లకు పైగా స్టేషన్లలో తిరిగి, రైటర్ల చేతికి అలవాటు పడ్డాక పట్టుకుంది. కాగితం మీది చట్టాన్ని కాగితంతో కొట్టేయొచ్చు. అలవాటును కొట్టేయడానికి కాగితం చాలదు.

ఏది చూసి తేల్చారు?

ఫిలడెల్ఫియాలో న్యాయమూర్తులు ముందుగా చేసిన పని నేర్చుకోవడం. కోర్టు హాల్లోకి ఇంటర్నెట్ లైను లాగించి, తెరల మీద వెబ్ పేజీలు తెరిచి చూపించారు. సాక్షులు వచ్చి ఈమెయిల్ ఎలా వెళ్తుందో, సెర్చ్ ఎలా పనిచేస్తుందో, వెబ్‌సైటు పెట్టినవాడికి చూసేవాడి వయసు తెలుస్తుందో లేదో చెప్పారు. రెండు పక్షాలూ ఒప్పుకున్న 356 పేరాలు, సాక్ష్యం మీద తేల్చిన 54, మొత్తం 410 నిజనిర్ధారణలు రికార్డుకెక్కాయి. అప్పటికి ఇంటర్నెట్ వాడేవాళ్లు 4 కోట్ల మంది.

సుప్రీంకోర్టు తీర్పు ఈ పునాది మీదే లేచింది. ప్రభుత్వం తన వాదనకు ఆసరాగా 1978 నాటి పసిఫికా తీర్పును తెచ్చింది. హాస్యనటుడు జార్జ్ కార్లిన్ బూతుమాటల ప్రసంగాన్ని పట్టపగలు రేడియోలో వేసిన కేసు అది. రేడియో మీద పెత్తనం ఉన్నప్పుడు దీని మీద ఎందుకు ఉండకూడదని ప్రశ్న. స్టీవెన్స్ జవాబు యంత్రం స్వభావంలోంచి వచ్చింది. రేడియో పిలవకుండా ఇంట్లోకి వస్తుంది. ఇంటర్నెట్‌లో మనం వెతుక్కుంటూ వెళ్లాలి. రేడియో తరంగాలు కొన్నే, వాటిని పంచాలి. ఇక్కడ ఆ కొరత లేదు. ఫోను లైనున్న ప్రతివాడూ ఊరికి దండోరా వేసేవాడే అయిపోతాడన్నది ఆయన భావం. మన పల్లెల్లో డప్పు పట్టుకుని తిరిగే మనిషి గుర్తున్నవాళ్లకు ఆ పోలిక ఎంత బరువైందో తెలుస్తుంది. ఆ డప్పు ఎప్పుడూ పెద్దల ఆజ్ఞే మోగించింది. ఎవడి డప్పు వాడికొచ్చిన కాలం ఇది.

ఆయన ఇచ్చిన ఇంకో ఉదాహరణ చూడండి. కాలేజీలో చేరిన 17 ఏళ్ల బిడ్డకు గర్భనిరోధం గురించి ఈమెయిల్ రాసిన తండ్రి ఈ చట్టం కింద జైలుకెళ్లొచ్చు. ఆ ఉత్తరం ఆయనకు, బిడ్డకు, వాళ్ల ఊరివాళ్లకు ఎవరికీ తప్పనిపించకపోయినా, కాలేజీ ఉన్న ఊరివాళ్లకు అనిపిస్తే చాలు. ఒక్క ఉత్తరం చాలు, చట్టం ఎంత దూరం కాల్చగలదో చూపడానికి.

మన సుప్రీంకోర్టు దగ్గర ఈ సాక్ష్యాల ఘట్టం లేదు. రిట్ పిటిషన్లలో అఫిడవిట్లు, వాదనలు ఉంటాయి తప్ప సాక్షుల విచారణ సాధారణంగా ఉండదు. ఇంటర్నెట్‌కు వేరే చట్టం ఎందుకని రాజ్యాంగంలోని 14వ అధికరణ కింద వేసిన ప్రశ్నను కోర్టు తోసిపుచ్చింది. అక్కడ సమాచారం మెరుపులా పాకుతుంది గనుక వేరే నేరాలు పెట్టుకోవచ్చంది. యంత్రం మీద చూపు దాదాపు అంతటితో సరి. మిగతాదంతా మాట మీదే.

ఆ పని మాత్రం గొప్పగా జరిగింది. మాటకు మూడు మెట్లున్నాయి: చర్చించడం, సమర్థించడం, ఉసిగొల్పడం. మొదటి రెండూ ఎవరికెంత కంటగింపైనా హక్కే. మూడో మెట్టు ఎక్కినప్పుడే రాజ్యం చెయ్యి వేయాలి. రాజ్యాంగం 19(2) అధికరణలో మాట మీద ఆంక్షలకు ఎనిమిది కారణాలు రాసి ఉన్నాయి. చికాకు, అసౌకర్యం వాటిలో లేవు. అమెరికాలో ప్రజాప్రయోజనం పేరుతో వాదన నడపొచ్చేమో, ఇక్కడ ఈ ఎనిమిదిలో ఒకటి చూపకపోతే కుదరదని కోర్టు తేడాను కూడా గీసి చూపింది. అమెరికా తీర్పును ఎత్తి తెచ్చుకుని అతికించిన పని కాదిది.

అన్నిటికంటే పదునైన చోటు ఇంకోటుంది. 66ఏ మాటలు ఇంగ్లండ్ చట్టం నుంచి వచ్చినవే కదా అని కోర్టు అక్కడి రెండు కేసులు తెప్పించి చదివింది. ఒకటి పార్లమెంటు సభ్యుడి ఆఫీసుకు ఫోన్ చేసి జాతి తిట్లు తిట్టిన మనిషిది. కింది కోర్టు వదిలేసింది, హైకోర్టు అదే సరన్నది, 2006లో ప్రభువుల సభ తప్పన్నది. రెండోది విమానాశ్రయం మూసేస్తే పేల్చేస్తానని ట్విటర్‌లో వేళాకోళం ఆడినవాడిది. శిక్ష పడింది, 2012లో పైకోర్టు కొట్టేసింది. ఒకే మాట, ఒకే సంఘటన, చదువుకున్న న్యాయమూర్తులకే రెండు రకాలుగా కనిపిస్తే కానిస్టేబుల్‌కు ఏం కనిపించాలి? అస్పష్టత అనే ఊహను కోర్టు సాక్ష్యంగా మార్చిన తీరు ఇది. రెనోలో అస్పష్టత గురించి ఉన్నదానికంటే ఇది నాకు బలంగా అనిపిస్తుంది. సెక్షన్‌ను జాగ్రత్తగానే వాడతామని ప్రభుత్వ న్యాయవాది హామీ ఇచ్చినప్పుడు, ప్రభుత్వాలు వస్తాయి పోతాయి, సెక్షన్ మాత్రం అలాగే ఉంటుందని కోర్టు అన్నది. ఆ మాట ఏ పార్టీ కార్యకర్తయినా గోడ మీద రాసుకోదగ్గది.

కొట్టేసిన పక్కనే ఏం మిగిలింది?

తీర్పును కొట్టేసినదాన్ని బట్టే మెచ్చుకోవడం మన అలవాటు. మిగిల్చినదాన్ని కూడా చూడాలి.

అమెరికాలో అదే చట్టంలో 230వ సెక్షన్ ఉంది. దాన్ని ఎవరూ సవాలు చేయలేదు. వేరేవాళ్లు రాసిన దానికి వేదిక నడిపే కంపెనీని ప్రచురణకర్తగా చూడకూడదని 26 ఇంగ్లిషు మాటల్లో చెబుతుందది. జైలు సెక్షన్లు పోయి, ఈ కవచం నిలిచింది. గూగుల్, ఫేస్‌బుక్‌లాంటి కంపెనీలు దాని నీడలోనే పెరిగాయి. మాటాడేవాడి స్వేచ్ఛ కోసం మొదలైన కథలో పెద్ద లబ్ధి వేదిక యజమానికి దక్కింది.

మన దగ్గర ఐటీ చట్టం 79వ సెక్షన్‌కు కోర్టు మంచి అర్థం చెప్పింది. ఎవరో ఫిర్యాదు చేస్తే చాలదు, కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ నోటిఫికేషనో వచ్చినప్పుడే కంపెనీ తీసేయాలి. లక్షల ఫిర్యాదుల్లో ఏది సబబో తేల్చే జడ్జీగా కంపెనీని కూర్చోబెట్టకూడదన్నది కారణం. ఇంతవరకూ బాగుంది. కానీ ప్రభుత్వం వెబ్‌సైట్లను, ఖాతాలను మూయించే 69ఏ సెక్షన్‌ను, దాని 2009 నియమాలను కోర్టు యథాతథంగా నిలబెట్టింది. కారణాలు లిఖితంగా ఉండాలి, కమిటీ చూడాలి, కాబట్టి రిట్ వేసుకోవచ్చంది. ఆ నియమాల్లోనే 16వది ఆ ఉత్తర్వులన్నీ రహస్యంగా ఉంచాలంటుంది. చేతికి రాని కాగితం మీద రిట్ ఎలా వేస్తారు? మాట మీద అంత లోతుకు దిగిన కోర్టు ఈ ప్రశ్న దగ్గర మెట్టు దిగలేదు. ట్విటర్ ఈ మూసివేతల మీద కర్ణాటక హైకోర్టుకెళ్తే, 2023 జూన్‌లో పిటిషన్ కొట్టేసి 50 లక్షల రూపాయల ఖర్చులు వేశారు.

అరెస్టు చప్పుడు చేస్తుంది. పాల్ఘర్ అందుకే దేశానికి తెలిసింది. మూసివేతకు చప్పుడుండదు. చప్పుడు చేసే తలుపు మూసి, చప్పుడు చేయనిది తెరిచి ఉంచిన తీర్పని శ్రేయా సింఘాల్ గురించి చెబితే నిష్ఠూరంగా ఉంటుంది గాని అబద్ధం కాదు.

తర్వాత ఏమైంది?

యంత్రాన్ని నమ్ముకున్న తీర్పుకు యంత్రం మారడమే ఎదురుదెబ్బ. 1997లో వెబ్‌సైటువాడు చూసేవాడి వయసు తెలుసుకోలేడన్నది నిజం. ఇప్పుడు ఫోను జేబులో ఉంది, వయసు తేల్చే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. 2025 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు ఫ్రీ స్పీచ్ కోయలిషన్ వర్సెస్ పాక్స్టన్ కేసులో 6-3 ఆధిక్యంతో టెక్సాస్ చట్టాన్ని సమర్థించింది. మూడో వంతుకు మించి పిల్లలకు హానికరమైన లైంగిక విషయం ఉన్న సైట్లు వయసు ధ్రువీకరణ అడిగి తీరాలన్న చట్టమది. రెనోను కొట్టేస్తున్నామని ఆ తీర్పు రాసిన జస్టిస్ థామస్ అనలేదు. అప్పటి చట్టం పెద్దల నోరూ నొక్కింది, ఇది అలా కాదు, పైగా అప్పటి ఇంటర్నెట్ వేరు అన్నారు. కొట్టేయడం కంటే ఇలా పక్కన పెట్టడం సులువు. 410 నిజనిర్ధారణలున్న తీర్పుకు అవే బలం, అవే గడువు తేదీ.

మన తీర్పు మాట మీద నిలబడింది గనుక అంత తేలిగ్గా పాతబడలేదు. దానికొచ్చిన జబ్బు వేరు. 2019లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ సుప్రీంకోర్టుకెళ్లి, చచ్చిపోయిన సెక్షన్ కింద ఇంకా కేసులు కడుతున్నారని చెప్పింది. తీర్పు నకళ్లను హైకోర్టులకు, రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులకు, డీజీపీలకు పంపమని ఉత్తర్వు వచ్చింది. అయినా 2021లో కోర్టు ముందుకొచ్చిన లెక్కల ప్రకారం తీర్పు తర్వాత 11 రాష్ట్రాల్లో కట్టిన కేసులు 1,307. మహారాష్ట్రలో 381, జార్ఖండ్‌లో 291, ఉత్తరప్రదేశ్‌లో 245. ఆంధ్రప్రదేశ్‌లో 38, తెలంగాణలో 15. జిల్లా కోర్టుల్లో అప్పటికి నలుగుతున్నవి 745. 2021 జులైలో ఈ లెక్క విని దిగ్భ్రాంతికరమన్న ధర్మాసనంలో జస్టిస్ నారిమన్ కూడా ఉన్నారు. తను రాసిన తీర్పు తన కళ్లముందే అమలు కాని వైనం ఆయన వినాల్సి వచ్చింది.

ఆ రోజు అటార్నీ జనరల్ వేణుగోపాల్ చెప్పిన కారణం ఈ మొత్తం చరిత్రలో నాకు మరుపుకు రానిది. చట్టం పుస్తకంలో 66ఏ ఇంకా అచ్చై ఉంది, కొట్టేశారన్న సంగతి పేజీ అడుగున ఫుట్‌నోట్‌లో ఉంది, కేసు కట్టే పోలీసు ఫుట్‌నోట్ చూడడు. సెక్షన్ పక్కనే బ్రాకెట్లో 'కొట్టేశారు' అని వేస్తే సరి అన్నారాయన. వందకు పైగా పేజీల తీర్పు, మూడు మెట్ల సిద్ధాంతం, ఇంగ్లండ్ కేసులు, అన్నీ కలిసి చివరికి ఒక బ్రాకెట్ కోసం ఎదురుచూశాయి. 2022 అక్టోబరులో ప్రధాన న్యాయమూర్తి యు.యు. లలిత్ ధర్మాసనం 66ఏ కింద ఎవరినీ విచారించొద్దని, ఉన్న కేసుల్లోంచి ఆ సెక్షన్ తీసేయమని, ఐటీ చట్టాన్ని అచ్చువేసే ప్రతి పుస్తకమూ ఆ సెక్షన్ చెల్లదని పాఠకుడికి చెప్పాలని ఆదేశించింది.

ఇంతలో మాటను నమ్ముకున్న తీర్పుకూ గడువు తేదీ వేసే ప్రయత్నం మొదలైంది. 2025 సెప్టెంబరులో కర్ణాటక హైకోర్టు, ప్రభుత్వం సహయోగ్ పోర్టల్ ద్వారా పోస్టులు తీయించడాన్ని సవాలు చేసిన ఎక్స్ (పాత ట్విటర్) కంపెనీ పిటిషన్‌ను తోసిపుచ్చుతూ, శ్రేయా సింఘాల్ చెప్పింది వేదికల బాధ్యతల మీది 2011 నియమాల గురించే, 2021 నియమాలకు దాన్ని సాగదీయలేమంది. జూన్‌లో రెనోకు జరిగిన మర్యాదే మూడు నెలలకు మన తీర్పుకూ జరిగింది. దండ వేసి పక్కన కూర్చోబెట్టడం.

ఏది మేలు?

తర్కంలో మన తీర్పుకే నా ఓటు. మాట ఎక్కడ నేరమవుతుందో అది చెప్పినంత విడమరిచి రెనో చెప్పలేదు. రెనో అడిగిన ప్రశ్న ఈ యంత్రం ఎలాంటిదని. మనవాళ్లు అడిగిన ప్రశ్న మనిషి ఏం చేశాడని. యంత్రాలు మారతాయి, రెండో ప్రశ్న మారదు. పనితీరులో మాత్రం అమెరికా కోర్టుదే పైచేయి. తెలియని విషయాన్ని సాక్ష్యంతో నేర్చుకుంది, చట్టం ఎవరి మెడకూ చుట్టుకోకముందే ఆపింది. మన కోర్టు 69ఏ నియమాల కింద ఒక్క మూసివేత ఉత్తర్వును సాక్షిలా నిలబెట్టి ప్రశ్నించి ఉంటే, రహస్యం ఎవరికి పనికొస్తుందో బయటపడేది. 66ఏని 2012లోనే ఆపి ఉంటే, రైటర్ చేతికి ఆ అంకె అంతగా అలవాటయ్యేది కాదు.

తీర్పు గొప్పదనం న్యాయమూర్తి రాసిన చివరి వాక్యంతో పూర్తికాదన్న సంగతి ఇప్పుడిప్పుడే మన హైకోర్టులకు పడుతోంది. 2025 జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, సోషల్ మీడియా కేసుల్లో యాంత్రికంగా రిమాండ్‌కు పంపొద్దని మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ ఇచ్చింది. సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు, ప్రభుత్వాన్ని విమర్శించిన పోస్టుల మీది ఎఫ్‌ఐఆర్‌లు కొట్టేస్తూ, కేసు కట్టేముందు పోలీసులు ఏమేం చూసుకోవాలో వరసగా చెప్పింది. ఫిర్యాదుదారు నిజంగా బాధితుడేనా, ప్రాథమిక విచారణ చేశారా, మాట హింసకు ఉసిగొల్పిందా, ఘాటైన రాజకీయ విమర్శ మాత్రమేనా అన్నవి అందులో ఉన్నాయి. ఢిల్లీ తీర్పులోని మూడు మెట్లు స్టేషన్ గడప దాకా దిగిరావడమంటే ఇదే. 66ఏ పోయినా దాని పని చేయగల సెక్షన్లు న్యాయ సంహితలో ఉన్నాయి కాబట్టి, ఈ పని ఇంకా చాలా మిగిలే ఉంది.

అందాకా చదువరులకు ఒక మాట. పోస్టు మీదో, ఫార్వర్డ్ మీదో మీకు గాని మీవాళ్లకు గాని ఎఫ్‌ఐఆర్ నకలు అందితే, కంగారుపడేముందు సెక్షన్ల వరస చదవండి. అందులో 66ఏ కనిపిస్తే అది 2015 మార్చి 24నే పోయిందని స్టేషన్లో చెప్పండి. తీర్పు నకలు వెంట ఉంటే మరీ మంచిది.